ఇంజిన్ లైటు పోవట్లేదు, పైగా ఏదో శబ్దం: ముందు ఏం చూడాలి?

ఈ ఎపిసోడ్‌లో రెండు సమస్యల గురించి కలిపి మాట్లాడుకుందాం. ఒకటి, డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగులో వెలిగే ఇంజిన్ బొమ్మ. దాన్నే మనం చెక్ ఇంజిన్ లైట్ అంటాం. రెండోది, నిన్నటిదాకా లేకుండా ఇంజిన్‌లోంచి కొత్తగా మొదలైన శబ్దం.

ఈ రెండూ కలిసి వచ్చినప్పుడు చాలామంది ఏం చేస్తారంటే, లైటు కోసం ఎవరి దగ్గరో స్కానర్ పెట్టించి కోడ్ చెరిపించేస్తారు. శబ్దం కోసం స్టీరియో సౌండ్ పెంచేస్తారు. వారం తిరగకుండా లైటు మళ్ళీ వస్తుంది. అప్పుడు ఒకళ్ళు సెన్సర్ అంటారు, ఇంకొకళ్ళు వైరింగ్ అంటారు, మూడో ఆయన ఇంజిన్ దించాలి అంటాడు. మన జేబు ఖాళీ అవుతుంది, లైటు మాత్రం అలాగే ఉంటుంది.

మా షెడ్డుకు వచ్చే కుర్రాళ్ళలో ఎక్కువమంది మొదటి కారు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నవాళ్ళే. వాళ్ళకి ఇంజిన్ పని అంటే ఒక నెల జీతం, ఒక్కోసారి మూడు నెలల జీతం. కాబట్టి ఈ ఎపిసోడ్ మొత్తంలో ఒక్క మాట గుర్తుపెట్టుకోండి చాలు. కోడ్ అనేది ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఏ పార్టు మార్చాలో చెప్పదు. ఏ పార్టో తేల్చాలంటే టెస్ట్ చెయ్యాలి. ఆ టెస్టుకి దారి చూపించే వాటిలో శబ్దం చాలా ముఖ్యమైనది. ఇవాళ చెప్పేదంతా పెట్రోల్ కార్ల గురించి.

ముందు రంగు చూడండి

స్కానర్ సంగతి తర్వాత. ముందు లైటు ఏ రంగులో ఉంది, నిలకడగా ఉందా, ఆరి వెలుగుతోందా అన్నది చూడండి.

ఎర్రగా, నూనె క్యాన్ ఆకారంలో వెలిగితే అది ఆయిల్ ప్రెషర్ లైటు. దానికీ చెక్ ఇంజిన్ లైటుకీ సంబంధం లేదు. ఇంజిన్ లోపల క్రాంక్ షాఫ్ట్ అనేది బేరింగుల్లో తిరిగేటప్పుడు మధ్యలో సన్నటి ఆయిల్ పొర ఉంటుంది. ప్రెషర్ పోతే ఆ పొర పోతుంది, ఇనుముకి ఇనుము తగులుతుంది. ఇది జరగడానికి ఎక్కువ సేపు పట్టదు. ఈ లైటు బండి నడుస్తుండగా వెలిగిందంటే పక్కకి తీసి ఇంజిన్ ఆపేయాలి. "షెడ్డు రెండు కిలోమీటర్లే కదా అన్నా, మెల్లగా తెచ్చేశా" అని చెప్పేవాళ్ళు ఉంటారు. ఆ రెండు కిలోమీటర్లే ఇంజిన్ ప్రాణం తీయొచ్చు. టోయింగ్ ఖర్చు దాని ముందు ఏమీ కాదు. టెంపరేచర్ లైటు ఎర్రగా వెలిగినా ఇదే పద్ధతి. పైగా వేడి మీద రేడియేటర్ మూత అస్సలు తీయకండి.

పసుపు ఇంజిన్ బొమ్మ ఆరి వెలుగుతూ ఉంటే, ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా కాలడం లేదని అర్థం. దీన్ని మిస్‌ఫైర్ అంటాం. బండి కుదుపుతుంది, పికప్ పోతుంది. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్ళి అక్కడ కాలుతుంది. అది విపరీతంగా వేడెక్కి లోపలి సిరామిక్ దెబ్బతింటుంది. దాంట్లో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి లోహాలు ఉంటాయి, అందుకే అంత ఖరీదు. లైటు ఆరి వెలుగుతుంటే యాక్సిలరేటర్ తగ్గించి, వీలైనంత త్వరగా బండి ఆపేయండి.

పసుపు బొమ్మ నిలకడగా వెలిగితే, శబ్దం ఏమీ లేకపోతే, బండి మామూలుగా లాగుతుంటే, కంగారు పడాల్సిన పని లేదు. ఇంటికి వెళ్ళొచ్చు. కానీ రెండు మూడు రోజుల్లో చూపించాలి. దాంతోపాటు కొత్త శబ్దం కూడా ఉంటే మాత్రం మొదటి పని డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడడం. బండిని సమానమైన నేల మీద ఆపి, ఇంజిన్ ఆపాక కొన్ని నిమిషాలు ఆగి, స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దింపి తీయండి. రెండు గుర్తుల మధ్య ఆయిల్ ఉండాలి. చాలా చిన్న కార్లలో కింది గుర్తుకీ పై గుర్తుకీ మధ్య తేడా దాదాపు ఒక లీటరు ఉంటుంది. ఈ చెకింగ్‌కి పైసా ఖర్చు లేదు. అయినా దీన్ని ఎవరూ చెయ్యరు.

లైటు ఎలా వెలుగుతుంది?

ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌ని ఈసీయూ అంటాం. గాలి ఎంత వస్తోంది, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, క్రాంక్ ఎక్కడుంది, పొగలో ఆక్సిజన్ ఎంత ఉంది అని సెన్సర్లు దానికి చెబుతూ ఉంటాయి. తను అనుకున్నదానికీ వచ్చిన లెక్కకీ పొంతన కుదరకపోతే అది ఒక కోడ్ రాసుకుంటుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. చాలా కోడ్స్ విషయంలో తప్పు ఒక్కసారి కనిపించగానే లైటు వెలగదు. మొదటిసారి దాన్ని పెండింగ్ అని పక్కన పెట్టుకుంటుంది. తర్వాత ట్రిప్పులో కూడా అదే తప్పు కనిపిస్తే అప్పుడు కన్ఫర్మ్ చేసి లైటు వెలిగిస్తుంది. ట్రిప్పు అంటే ఇంజిన్ స్టార్ట్ చేసి, ఆ టెస్టుకి కావలసిన పరిస్థితుల్లో నడిపి, ఆపడం.

ఇప్పుడు ఆలోచించండి. ఎవరైనా కోడ్ చెరిపేస్తే లైటు వెంటనే ఆరిపోతుంది. మళ్ళీ వెలగడానికి కొన్ని ట్రిప్పులు పట్టొచ్చు. ఈ మధ్యలో వాళ్ళు ఏ పార్టు మార్చినా, ఆ పార్టు వల్లే లైటు పోయినట్టు మనకి అనిపిస్తుంది. నిజానికి లైటు పోయింది చెరిపేసినందుకు. పార్టు మారకపోయినా అది ఆరేది. వారం తర్వాత లైటు తిరిగి వచ్చినప్పుడు "ఇది కొత్త ప్రాబ్లం" అంటారు. కొత్తది కాదు, పాతదే. ఈ ఒక్క లెక్క తెలిస్తే మీ డబ్బు చాలావరకు మిగులుతుంది.

ఫోన్‌తో కోడ్ చదవడం

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మే కార్లు బీఎస్-6. వాటిల్లో, అంతకుముందు వచ్చిన చాలా బీఎస్-4 కార్లలో కూడా ఓబీడీ అనే 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. సాధారణంగా డ్రైవర్ వైపు, స్టీరింగ్ కింద, డ్యాష్‌బోర్డు అడుగున ఉంటుంది. ఫోన్ టార్చ్ వేసి చూస్తే కనిపిస్తుంది. బీఎస్-6 బైకుల్లో కూడా ఇంజిన్ లైటు ఉంటుంది. కాకపోతే వాటి సాకెట్ వేరుగా ఉంటుంది, దానికి అడాప్టర్ వైరు కావాలి.

ఆన్‌లైన్‌లో ఈఎల్ఎం 327 అని బ్లూటూత్ డాంగుల్స్ దొరుకుతాయి. చవకవాటిల్లో నకిలీ చిప్‌లు చాలా ఉన్నాయి, కొన్ని కనెక్ట్ కావు, కొన్ని మధ్యలో తెగిపోతాయి. కొనేముందు మీ కారు మోడల్ వాళ్ళ రివ్యూలు చూసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌కి మామూలు బ్లూటూత్ డాంగుల్ సరిపోతుంది. ఐఫోన్ అయితే దానికి పనిచేస్తుందని రాసి ఉన్నదే తీసుకోవాలి, సాధారణంగా బ్లూటూత్ ఎల్ఈ గానీ వైఫై గానీ ఉన్నది. యాప్‌లలో టార్క్, కార్ స్కానర్ లాంటివి ఉన్నాయి. పని అయ్యాక డాంగుల్ తీసేయండి. ఆ సాకెట్‌కి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ దిగొచ్చు.

కోడ్ కనిపించగానే ఇలా చదవండి. మొదటి అక్షరం పీ అంటే ఇంజిన్, గేర్‌బాక్స్ వైపు. తర్వాత సున్నా ఉంటే అన్ని కంపెనీలకీ ఒకటే అర్థం ఉన్న కోడ్, ఒకటి ఉంటే ఆ కంపెనీ సొంత కోడ్. మూడో స్థానంలో ఒకటి, రెండు ఉంటే గాలి, పెట్రోల్ విషయం. మూడు ఉంటే స్పార్క్, మిస్‌ఫైర్. నాలుగు ఉంటే పొగ నియంత్రణ. ఉదాహరణకి పీ0302 అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్. పీ0171 అంటే ఇంజిన్‌లో గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైంది. పీ0420 అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేస్తున్నట్టు కనిపించడం లేదు.

కోడ్ పక్కనే ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటి ఉంటుంది. దాన్ని ఎక్కువమంది తెరిచి కూడా చూడరు. కోడ్ పడిన ఆ క్షణంలో ఇంజిన్ వేడి ఎంత, ఆర్‌పీఎం ఎంత, స్పీడ్ ఎంత, లోడ్ ఎంత అన్నది అందులో ఉంటుంది. ఒక రకంగా అది ఆ క్షణానికి తీసిన ఫోటో. కోడ్ చెరిపేస్తే ఈ ఫోటో కూడా పోతుంది. అందుకే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఎవరు స్కానర్ పెట్టినా "అన్నా, క్లియర్ చెయ్యకముందు ఫ్రీజ్ ఫ్రేమ్ ఒకసారి చూపించు" అని అడగండి.

శబ్దాన్ని నాలుగు ప్రశ్నలు అడగండి

"బండిలో ఏదో సౌండ్ వస్తోంది" అని చెబితే మెకానిక్‌కి ఏమీ అర్థం కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళి "ఒంట్లో బాలేదు" అన్నట్టు ఉంటుంది. నాలుగు ప్రశ్నలకి జవాబు సిద్ధం చేసుకోండి.

మొదటిది, ఎప్పుడు వస్తోంది? పొద్దున్నే మొదటి స్టార్ట్‌లోనా, వేడెక్కాకా, ఎప్పుడూనా? స్టార్ట్ చేసిన రెండు మూడు సెకన్లు గలగలమని వచ్చి ఆగిపోతే టైమింగ్ చైన్ టెన్షనర్ వైపు చూడాలి. ఎందుకంటే చాలా ఇంజిన్లలో ఆ టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది, ప్రెషర్ ఎక్కేదాకా చైన్ వదులుగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు టక్‌టక్‌మని వచ్చి, వేడెక్కాక తగ్గిపోతే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర లీకు కావొచ్చు, వేడికి లోహం వ్యాకోచించి సందు మూసుకుపోతుంది.

రెండోది, దేంతోపాటు మారుతోంది? బండి నిలబెట్టి రేస్ చేసినా వస్తుంటే ఇంజిన్ వైపు. బండి కదిలితేనే, స్పీడుని బట్టి మారుతుంటే చక్రాలు, బేరింగులు, టైర్ల వైపు. ఏసీ వేస్తే మొదలై, తీస్తే ఆగిపోతే కంప్రెసర్ గానీ, బెల్టు గానీ. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పెద్ద గేరులో గట్టిగా తొక్కితే మాత్రమే గోళీలు డబ్బాలో వేసి ఊపినట్టు వస్తే అది నాకింగ్, గేరు తగ్గిస్తే పోతుంది.

మూడోది, ఎక్కడి నుంచి? ఇంజిన్ పైభాగంలో సన్నగా టిక్‌టిక్‌మంటే వాల్వుల వైపు. కింది నుంచి బరువుగా, దబ్‌దబ్‌మని, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ గట్టిగా వస్తే క్రాంక్, కనెక్టింగ్ రాడ్ బేరింగుల వైపు. ఈ రెండో రకం వినిపిస్తే బండి నడపొద్దు. ఒక్క ఆర్‌పీఎం దగ్గరే జల్లుమని మోగి, పైనా కిందా లేకపోతే చాలాసార్లు అది సైలెన్సర్ మీద ఉండే పల్చటి రేకు, హీట్ షీల్డ్. బోల్టు బిగిస్తే అయిపోతుంది.

నాలుగోది, ఎంత వేగంగా కొట్టుకుంటోంది? ఐడిలింగ్‌లో క్రాంక్ నిమిషానికి 800 సార్లు తిరుగుతుంటే, క్యామ్ షాఫ్ట్ సరిగ్గా సగం, అంటే 400 సార్లు తిరుగుతుంది. సెకనుకి ఆరేడు దెబ్బలు వినిపిస్తే సాధారణంగా వాల్వుల వైపు, పదమూడు దాకా ఉంటే క్రాంక్ తిరిగే వేగంతో వచ్చేది. చెవితో లెక్కపెట్టలేం. ఫోన్‌లో వీడియో తీసి నాలుగో వంతు స్పీడుకి పెట్టి వినండి, లెక్కపెట్టొచ్చు.

రికార్డింగ్ గురించి ఒక చిన్న మాట. వాయిస్ నోట్ కంటే మామూలు వీడియో మంచిది. బానెట్ మూసి బయటినుంచి ఒకటి, తెరిచి పైనుంచి ఒకటి, లోపల కూర్చుని ఒకటి తీయండి. పొద్దున్న వచ్చే శబ్దం మధ్యాహ్నం షెడ్డుకి వెళ్ళేసరికి రాదు కదా, అందుకే మొదటి స్టార్ట్ వీడియో చాలా విలువైనది. బానెట్ తెరిచి ఉన్నప్పుడు చున్నీ, పొడుగు జుట్టు, ఇయర్‌ఫోన్ వైర్లు బెల్టుకి దూరంగా ఉండాలి. ఇంజిన్ ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ దానంతట అదే తిరగొచ్చు, చెయ్యి పెట్టకండి.

లైటునీ శబ్దాన్నీ కలిపి చదివితే

ఇప్పుడు ఒక కారు గురించి చెప్తాను. పెళ్ళిళ్ళకి వీడియో తీసే ఒక కుర్రాడిది. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, తొంభై వేల కిలోమీటర్లు దాటింది. కెమెరాలు, లైట్లు అన్నీ అందులోనే, ముహూర్తం తెల్లవారుజామున మూడింటికి ఉన్నా అదే బండి. పసుపు లైటు నిలకడగా ఉంది, కోడ్ పీ0016. అంటే క్రాంక్ చెప్పే లెక్కకీ క్యామ్ చెప్పే లెక్కకీ పొంతన కుదరడం లేదు.

ఒకచోట చెరిపేసి పంపించారు. ఇంకోచోట క్యామ్ సెన్సర్ మార్చారు. వారం బాగుంది, మళ్ళీ వచ్చింది. మూడో చోట ఇంజిన్ మొత్తం దించి బోర్ పని చెయ్యాలి, అరవై వేలు అన్నారు. పెళ్ళిళ్ళ సీజన్ మధ్యలో ఉంది. "అన్నా, ఇంజిన్ చేయించనా, బండి అమ్మేయనా?" అని అడిగాడు. "రెండూ వద్దు తమ్ముడూ, ముందు పొద్దున్నే మొదటి స్టార్ట్ వీడియో పంపించు" అన్నాను.

వీడియోలో స్టార్ట్ చేయగానే మూడు నాలుగు సెకన్లు గొలుసు గిన్నెలో పోసినట్టు గలగలమని వచ్చి ఆగిపోయింది. తర్వాత ఫ్రీజ్ ఫ్రేమ్ చూశాం. కోడ్ పడినప్పుడు కూలెంట్ వేడి 31 డిగ్రీలు. అంటే స్టార్ట్ చేసిన కాసేపటికే. శబ్దం వచ్చేదీ, కోడ్ పడేదీ చల్లటి ఇంజిన్ మీదే. రెండూ ఒకే చోటికి దారి చూపిస్తున్నాయి: ఆయిల్ ప్రెషర్, టెన్షనర్, చైన్. సెన్సర్ పాడైతే కోడ్ పడొచ్చు, కానీ సెన్సర్ గలగలమనదు కదా!

అక్కడినుంచి చవకైనది ముందు, ఖరీదైనది తర్వాత అనే వరసలో వెళ్ళాం. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ కింది గుర్తు కూడా తగల్లేదు. ఉన్న కాస్తా తారులా ఉంది. చివరిసారి మార్చింది పదిహేడు వేల కిలోమీటర్ల కిందట. కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిల్, కొత్త ఫిల్టర్ వేశాం. శబ్దం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. నాలుగో రోజు కోడ్ మళ్ళీ పడింది. గేజ్ పెట్టి ఆయిల్ ప్రెషర్ చూశాం, బాగుంది. వాల్వ్ టైమింగ్ మార్చే ఆయిల్ కంట్రోల్ వాల్వ్ తీసి దాని చిన్న జల్లెడ చూశాం, శుభ్రం చేశాం. వైర్లు, కనెక్టర్లు చూశాం. ఇన్ని అయ్యాకే పై కవర్ విప్పాం. టెన్షనర్ దాదాపు చివరిదాకా బయటికి వచ్చేసి ఉంది. అంటే చైన్ అరిగి సాగింది, దాన్ని బిగించడానికి ఇక జాగా లేదు.

చైన్, గైడ్లు, టెన్షనర్ మార్చాం. పిస్టన్లు, బోర్ ముట్టుకోలేదు. ముందు చెప్పిన అరవై వేలలో మూడో వంతు దగ్గర అయిపోయింది. అది కూడా తక్కువ డబ్బేం కాదు. టైముకి ఆయిల్ మార్చి ఉంటే చైన్ ఇంత త్వరగా అరిగేది కాదేమో. కానీ ఇంకో కోణం చూడండి. లైటు చెరిపేసుకుంటూ ఇంకా కొన్నాళ్ళు తిప్పి ఉంటే, చైన్ పళ్ళు దాటేది. చాలా ఇంజిన్లలో అలా దాటితే వాల్వులు వెళ్ళి పిస్టన్లకి కొట్టుకుని వంగిపోతాయి. అప్పుడు నిజంగానే ఇంజిన్ దించాలి, అదీ ఏ తెల్లవారుజామునో హైవే మీద.

సెన్సర్ చెడ్డది కాదు

ఇలాంటివే ఇంకో మూడు చెప్తాను.

పీ0171 కోడ్, ఐడిలింగ్‌లో స్స్‌మని గాలి పీల్చే శబ్దం. చాలామంది ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. పోస్ట్‌మ్యాన్ తెచ్చిన ఉత్తరంలో చెడ్డ వార్త ఉంటే పోస్ట్‌మ్యాన్‌ని మార్చం కదా. సెన్సర్ చెప్పింది నిజమే, ఎక్కడో పైపు పగిలి అదనపు గాలి లోపలికి వెళ్తోంది. యాప్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అని ఉంటుంది, ఈసీయూ పెట్రోల్ ఎంత పెంచిందో, ఎంత తగ్గించిందో శాతంలో చూపిస్తుంది. ఐడిలింగ్‌లో అది ప్లస్ పదిహేను, ఇరవై ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకి దగ్గరగా దిగితే వాక్యూమ్ లీకు అనే అనుమానం బలపడుతుంది. పైపు ఖరీదు సెన్సర్ ఖరీదులో చాలా చిన్న భాగం.

పీ0302 కోడ్, బండి వణుకుతోంది. ఒక్కో ప్లగ్గుకీ ఒక్కో కాయిల్ ఉన్న ఇంజిన్ అయితే, ఆపి చల్లారాక రెండో కాయిల్ తీసి మూడో దాంట్లో, మూడోది రెండో దాంట్లో పెట్టాలి. ఇప్పుడు కోడ్ పీ0303గా మారితే కాయిలే పోయింది. పీ0302గానే ఉంటే కాయిల్ బాగుంది, అప్పుడు ప్లగ్గుతో ఇదే పని చెయ్యాలి. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి. ఒక్క రూపాయి పార్టు కొనకుండా తేలిపోయింది. వానాకాలంలో ఇంజిన్ మీద నీళ్ళు కొట్టించాక ఈ కోడ్ వస్తే ముందు ప్లగ్గు గుంటల్లో నీళ్ళు ఉన్నాయేమో చూడండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టే బండి అయితే ఎలకలు వైర్లు కొరికాయేమో చూడండి. మా షెడ్డులో ఎలకల కేసులు తక్కువేం కాదు.

పీ0420 కోడ్, చల్లగా ఉన్నప్పుడు టక్‌టక్ శబ్దం. కన్వర్టర్ మార్చేముందు ఎగ్జాస్ట్ దారిలో లీకు ఉందేమో చూడాలి. లీకులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటే సెన్సర్ల లెక్క తప్పుతుంది. గ్యాస్కెట్‌తో పోయేదానికి కన్వర్టర్ ఖర్చు పెట్టుకోకూడదు.

షెడ్డులో ఏం అడగాలి?

మెకానిక్‌తో గొడవ పడమని చెప్పట్లేదు. మంచి మెకానిక్‌కి ఈ ప్రశ్నలు నచ్చుతాయి.

"ఈ పార్టు పోయిందని ఏ టెస్టులో తెలిసింది అన్నా?" అని అడగండి. "కోడ్ అలా వచ్చింది" అన్నది టెస్టు కాదు. "దీనికంటే చవకైన కారణాలు ఏమైనా చూశారా?" అని అడగండి. తీసేసిన పాత పార్టు ఇమ్మని అడగండి, అది మీదే. పని అయ్యాక లైటు ఆరింది కదా అని సంతోషపడిపోకండి. ఇంతకుముందు ఏ పరిస్థితిలో తప్పు వచ్చేదో అదే పరిస్థితిలో, అంటే పొద్దున్న చల్లగా వచ్చేదైతే పొద్దున్న చల్లగానే, కొన్ని రోజులు నడిపి చూడండి. తర్వాత యాప్‌లో పెండింగ్ కోడ్స్ ఉన్నాయేమో చూడండి. అక్కడ ఏమీ లేకపోతే, రెడీనెస్ టెస్టులన్నీ పూర్తయ్యాయని చూపిస్తే, అప్పుడు రిపేరు అయినట్టు.

ఈ రెడీనెస్ అనేది సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇంకా ఎక్కువ పనికొస్తుంది. కోడ్ చెరిపేసినప్పుడు ఈసీయూ చేసుకునే సొంత పరీక్షల ఫలితాలు కూడా చెరిగిపోతాయి. మళ్ళీ పూర్తి కావడానికి బండి కొన్నాళ్ళు తిరగాలి. మీరు చూడ్డానికి వెళ్ళిన కారులో లైటు లేదు, కోడ్స్ లేవు, కానీ టెస్టులు ఇన్‌కంప్లీట్ అని చూపిస్తోందంటే, ఈ మధ్యే ఎవరో చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి ఉండొచ్చు. చాలా కార్లలో "కోడ్స్ చెరిపాక నడిచిన దూరం" అని కూడా ఒక లెక్క కనిపిస్తుంది. అరవై వేలు తిరిగిన బండిలో అది పన్నెండు కిలోమీటర్లు అని ఉంటే, బేరం ఆడేముందు ఎందుకని అడగండి. ఇంకోటి, అమ్మేవాళ్ళకి "నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యకండి" అని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మొదటి స్టార్ట్ శబ్దం మీకు వినిపించకుండా అయిపోయినట్టే.

మొత్తం వరస ఇంకోసారి చెప్తాను, కావాలంటే స్క్రీన్‌షాట్ తీసుకోండి. రంగు చూడాలి. ఆయిల్ చూడాలి. కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ రెండూ దాచుకోవాలి. శబ్దం ఎప్పుడు, దేంతో, ఎక్కడ, ఎంత వేగం అన్నది రాసుకోవాలి. రెండూ ఒకే చోటికి చూపిస్తున్నాయేమో ఆలోచించాలి. చవకైన కారణం నుంచి మొదలుపెట్టి టెస్ట్ చేయించాలి. చెరిపేయడం అన్నిటికంటే చివర.

వచ్చే ఎపిసోడ్‌లో కూలెంట్ గురించి, ఎండాకాలంలో టెంపరేచర్ ముల్లు ఎందుకు పైకి వెళ్తుందో మాట్లాడుకుందాం. ఈలోపు ఒక పని చెయ్యండి. రేపు పొద్దున్న బండి తీసేముందు డిప్‌స్టిక్ ఒకసారి చూడండి. ఉంటాను మరి, నమస్తే.